అన్నం డబ్బా మూత మీద వేలిముద్ర

మొన్న ఆదివారం, మా ఆఫీసులో నా స్థానంలో చేరిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఉద్యోగం పర్మినెంట్ అయిందని స్వీట్ డబ్బా తెచ్చింది. ఈ ఏడే బడిలో వేసిన మా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని బొటనవేలు వెలుతురుకి తిప్పి చూసి, "అక్కా, దీనిది సుడి," అంది. వేలిముద్రల విభాగంలో పనిచేసేవాళ్ల జబ్బు ఇది. పసిపిల్లని చూస్తే అందరూ ముక్కు ఎవరి పోలిక, కళ్లు ఎవరి పోలిక అని వెతుకుతారు. మేం వేళ్లు చూస్తాం. పాప పుట్టిన రోజున నేను చూసిందీ అదే. మా అత్తగారు భయపడి, "ఏమైందే, వేళ్లు సరిగ్గానే ఉన్నాయా?" అని అడిగారు.

టీ తాగుతూ ఆ అమ్మాయి రెండు మాటలు అంది.

మొదటిది: "అక్కా, ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష ఉంది. సెల్‌ఫోన్ ఏ టవర్ కింద ఉందో చెప్తరు. చౌరస్తాలల్ల కెమెరాలు పెడ్తున్నరు. ఒక్కడే ఒకరి తర్వాత ఒకరిని చంపుకుంట పోయే రకం ఇగ ఉండరు కదా?"

అవునంటే బాగుండునన్న ఆశ దాని కళ్లలో ఉంది.

రెండోది ఫిర్యాదు: "ముద్ర తీసుకునేముందు 'ఏం పని చేస్తవ్' అని అడగాలె, స్లిప్ మీద అన్నిటికన్న పైన అదే రాయాలె అంటరు. పేరు కంటే ముందు పని! ఎవరు పెట్టిన్రో గా రూలు, మస్తు టైం పోతది."

నాకు నవ్వొచ్చింది. ఆ రెండింటికీ జవాబు ఒకటే. చెప్పేలోపు పాప టీ కప్పు తన్నేసింది. దుప్పటి, గౌను, ఏడుపు, చివరికి స్వీట్ డబ్బా కూడా తడిసింది. ఆ అమ్మాయి వెళ్లిపోయింది. ఇప్పుడు పాప నిద్రపోయింది కనుక ఆ జవాబు రాస్తున్నాను. ఆ అమ్మాయికే కాదు, ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయేవాళ్లకి కూడా.

నేను ఆ ఉద్యోగంలో చేరేనాటికి మా విభాగానికి కంప్యూటర్ వచ్చి ఎంతో కాలం కాలేదు. మా ఆఫీసు పాతబస్తీలో ఒక పాత రాతి భవనం వెనక భాగం. ఎండాకాలం ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి మా మీద పోసేవి. యంత్రం వచ్చాక దాని గదికి మాత్రం ఏసీ పెట్టారు. దుమ్ము పడకూడదని చెప్పులు బయట విప్పి వెళ్లాలి. గట్టిగా తుమ్మినా మా సూపరింటెండెంట్ గుమ్మంలోకి వచ్చి చూసేవాడు.

మా పెద్దసారు దానికి 'కొత్త అల్లుడు' అని పేరు పెట్టారు. పెద్దసారు అంటే మా విభాగంలో అందరికన్నా సీనియర్ నిపుణుడు, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. భూతద్దం కళ్లజోడులా ఆయన ముఖంలో భాగమైపోయింది. "చల్లటి గది గావాలె, చెప్పులిడ్సి పోవాలె, పెట్టింది నచ్చకుంటే అలుగుడు. అల్లుడు కాకుంటే ఏంది బిడ్డా ఇది?" అనేవారు. అని, మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ పట్టుకుని మాత్రం ఆ గదిలోకే వచ్చి కూర్చునేవారు.

అల్లుడు నిజంగానే అలిగేవాడు. కాగితం మీద ముద్ర గీతలు స్పష్టంగా లేకపోతే యంత్రం తీసుకోదు. తాపీపని వాళ్లు, చాకలివాళ్లు, సున్నం కలిపేవాళ్లు... వీళ్ల ముద్రలు ఎప్పుడూ తిరుగుటపాలో వచ్చేవి. వాటిని ఒక అరలో పడేసేవాళ్లం. ఆ అరలో ఉన్నవాళ్లంతా చేతులతో బతికేవాళ్లేనన్న సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

మాతో పాటు ఆపా ఉండేది, ఆపా అంటే ఉర్దూలో అక్క. బార్కస్ నుంచి వచ్చే మహిళా కానిస్టేబుల్. మా ఆఫీసులో కాగితాలు ఇవ్వడం, తీసుకోవడం ఆమె డ్యూటీ. ఎత్తు మనిషి, గొంతు అంతకన్నా ఎత్తు. నన్ను 'ఆంధ్రా బేటీ' అనేది. మా నాన్న రైల్వే గుమాస్తాగా కోస్తా నుంచి వచ్చి ఉప్పుగూడలో ఇల్లు కట్టుకున్నాడు కానీ, నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఎన్నిసార్లు చెప్పినా ఆపాకి లెక్కలేదు. "నీ పప్పుల చింతపండు తక్కువైన రోజు మనదానివైతవ్," అనేది.

అప్పుడు నాకు అయిదో నెల. ఒకరోజు ఇన్‌స్పెక్టర్ ఒకాయన స్వయంగా మా గదికి వచ్చాడు. మామూలుగా కానిస్టేబుల్‌తో కవర్ పంపుతారు. ఆయన గడ్డం గీసుకుని చాలా రోజులైనట్టుంది. చేతిలో ఒకే ఒక్క స్లిప్.

సంగతి ఇది. ఆయన స్టేషన్ పరిధిలో, సగం కట్టి వదిలేసిన ఇంట్లో ఒక కూలి మహిళ శవం దొరికింది. గొంతు నులిమి చంపారు. కాళ్ల వెండి కడియాలు లేవు. పక్కన ఆమె స్టీలు అన్నం డబ్బా, దాని మూత మీద ఆమెది కాని ఒక బొటనవేలి ముద్ర. మా భాషలో దాన్ని చాన్స్ ప్రింట్ అంటాం, నేరం జరిగిన చోట తెలియకుండా వదిలిపోయిన ముద్ర. ఆమె ఉప్పుగూడ రైల్వే స్టేషన్ దగ్గర పొద్దున్నే కూలికోసం నిలబడే అడ్డా మనిషి. నేను రోజూ ఆ అడ్డా ముందు నుంచే నడిచి ఆఫీసుకి వెళ్లేదాన్ని. డబ్బాలు సంచుల్లో పెట్టుకుని, కొంగులు దోపుకుని ఎవరు పిలుస్తారా అని చూసే ఆడవాళ్లు. నేను రోజూ చూసిన ముఖాల్లో ఆమె ముఖం ఒకటి. ఏదో మాత్రం చెప్పలేను. అదే నన్ను పట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఒక మనిషిని పట్టుకొచ్చాడు. లాడ్ బజార్ వెనక సందులో లక్కగాజులు చేసేవాడు. ఆమె చనిపోవడానికి ముందురోజు అడ్డాకి వచ్చి, లక్క దంచే పనికి ఆమెను పిలుచుకుపోయింది అతనే. అందుకు సాక్షులున్నారు. స్టేషన్‌లో అతని ముద్రలు తీస్తే పది వేళ్లకీ గీతలే లేవు. నల్లటి మచ్చలు, అంతే.

"సార్, చూడుర్రి," అని స్లిప్ పెద్దసారు ముందు పెట్టాడు ఇన్‌స్పెక్టర్. "వేళ్లు గీక్కున్నడు. తప్పు చెయ్యనోడు వేళ్లు ఎందుకు గీక్కుంటడు? మూత మీద ముద్ర వానిదే, దొరకొద్దని చెరుపుకున్నడు. మీరు 'ఉద్దేశపూర్వకంగా చెరిపినవి' అని ఒక్క ముక్క రాసియ్యుర్రి. మిగిలింది నేను చూసుకుంట."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఇంట్లోంచి శవాన్ని బయటికి తెచ్చినప్పుడు ఆయనే ఒక పక్క పట్టుకున్నాడని తర్వాత తెలిసింది. మళ్లీ ఎవరినైనా చంపేలోపు ఆపాలన్న తొందర ఆయనది. కానీ ఆ ఒక్క ముక్క మీద ఒక మనిషి మెడ వేలాడుతోంది.

యంత్రంలో పెట్టాం. అల్లుడు అలిగాడు.

పెద్దసారు చాలాసేపు భూతద్దంలో చూశారు. "చూడంది నేను రాయ. గీక్కున్నడో లేదో ఈ స్లిప్పుల కనబడ్తలేదు. 'అభిప్రాయము చెప్పుటకు వీలుకాదు' అని రాస్త," అన్నారు. ఆఫీసులో అందరినీ కాపాడే వాక్యం అది. ఇన్‌స్పెక్టర్ సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు.

నాకు కుదురు లేదు. "సార్, వీలుకాదు అని రాస్తే ఆయన దాన్ని ఎలా చదువుకుంటాడు?" అన్నాను.

పెద్దసారు భూతద్దం కింద పెట్టారు. "ఆయనకు గావాల్సినట్టు చదువుకుంటడు."

అప్పుడే నాకు నా పెళ్లి గాజులు గుర్తొచ్చాయి. అమ్మతో లాడ్ బజార్ వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ లక్కగాజుని నిప్పు సెగకి చూపి, నా చేతి కొలతకి కొంచెం వంచి తొడిగింది. ఆమె వేళ్లు నా మణికట్టు మీద ఆనాయి. గాజు కంటే ఆ వేళ్లే నున్నగా ఉన్నాయి. తడి సబ్బుబిళ్లలా ఉన్నాయని ఇంటికొచ్చి అమ్మతో అన్నాను కూడా.

ఆ మాట చెప్పాను. ఆపా వెంటనే లేచింది. "మరి కూసున్నరేంది సార్? లాడ్ బజార్ ఏమన్న లండన్ల ఉన్నదా? నడువుర్రి."

పెద్దసారు, ఆపా, నేను. ఇంకు పలక, రోలరు, స్లిప్పుల కట్ట నా సంచిలో. దుకాణాల వరస దాటి వెనక సందులోకి తిరిగితే ఆ కార్ఖానా. చిన్న గది, మధ్యలో బొగ్గుల కుంపటి, చుట్టూ ఆడా మగా. లక్క ముద్దని వేడి చేసి వేళ్లతో సాగదీసి, చుట్టి, దాని మీద రాళ్లు అద్దుతున్నారు. ఆపా యూనిఫాం చూడగానే పని ఆగిపోయింది. కుంపటి పక్కన ఒకావిడ మాత్రం తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు. అరెస్టయిన అతని భార్య అని తర్వాత తెలిసింది. పెళ్లివాళ్ల ఆర్డరు ఉందిట. మొగుడి పీట మీద కూర్చుని పూర్తి చేస్తోంది.

"డరో మత్," అంది ఆపా. "ఎవరినీ తీస్కపోం. ఖాలీ చేతులు చూపెట్టుర్రి."

ఒక ముసలావిడ నవ్వింది. "చేతులు చూసి నసీబు చెప్తరా బీబీ?"

"కాదమ్మా, వేళ్ల ముద్రలు తీస్కుంటం."

"ఉంగ్లీలా! అవి ఎప్పుడో లక్కల కలిసిపొయినయ్. షహర్ల పెండ్లిపిల్లలందరి చేతుల మీద మా తోలే ఉంటది, పోయి ఆడ తీస్కో."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో భయం కొంచెం సడలింది. ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. నేను ఇంకు పూస్తుంటే పెద్దసారు ఒక్కో వేలూ తిప్పి ముద్ర వేస్తున్నారు. అన్నీ నల్లటి మచ్చలే. నా కడుపు చూసి ముసలావిడ ఎన్నో నెలని అడిగింది. చెప్పాను. "గీ పని ఇప్పుడు చెయ్యొద్దు బేటీ, ఈ వాసనకు కడుపుల దేవుతది," అని తన పీట నాకు జరిపింది.

చివర్లో ఒక అమ్మాయి కూర్చుంది. పనిలోకి వచ్చి కొన్ని నెలలే అయిందిట. ఆమె చూపుడువేలు, బొటనవేలు నున్నగా అయిపోయాయి. చిటికెనవేలి మీద మాత్రం గీతలు చక్కగా ఉన్నాయి. చిటికెనవేలికి లక్క తగలదు కదా. పెద్దసారు ఆ చిటికెనవేలిని వదల్లేదు. భూతద్దంలో చూసి, ముసలావిడ వేలు చూసి, మళ్లీ ఈ అమ్మాయి వేలు చూశారు.

"చూసినవా బిడ్డా," అన్నారు నాతో. "గీక్కుంటే గాటు పడ్తది, ఒక్కోకాడ ఒక్కోతీరు మాన్తది. ఇది అట్ల కాదు. బండ మీద నీళ్లు వడ్డట్టు అంతట ఒక్కతీరుగ అరిగింది. ఏండ్లు వడ్తది ఇట్లయ్యెటందుకు."

మేం సామాను సర్దుకుంటుంటే కుంపటి పక్కనున్న ఆవిడ అప్పుడు తల ఎత్తింది. "మా ఆయనకు ఇది పనికొస్తదా?"

వస్తుందని నేను మాట ఇవ్వలేకపోయాను. "నిజం రాస్తాం," అన్నాను. ఆమె తల ఊపి మళ్లీ లక్క చేతిలోకి తీసుకుంది.

అక్కణ్నుంచి పెద్దసారు నేరుగా స్టేషన్‌కి వెళ్లి అతని వేళ్లు కూడా భూతద్దం కింద పెట్టి చూశారు. గాటు లేదు. ఒక్కతీరు అరుగుదల. అప్పుడు రాశారు: ఇవి వృత్తివల్ల ఏళ్ల తరబడి అరిగిన వేళ్లు, చెరిపినవి కావు. మూత మీద ముద్రకి స్పష్టమైన గీతలున్నాయి, ఈ వేళ్లు అటువంటి ముద్ర వదలలేవు.

ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం చదివి ముందు కోప్పడ్డాడు. లాడ్ బజార్ స్లిప్పులన్నీ ఆయన ముందు పరిచాం. ఆయన ఒక్కొక్కటే తీసి చూశాడు. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"సరే. వీడు కాదు. మరెవడు సార్? మీ అల్లుణ్ని అడుగుర్రి."

అల్లుణ్ని అప్పటికే అడిగాం. మూత మీది ముద్ర పాత నేరస్తులెవరితోనూ కలవలేదు. మామూలుగా అయితే మా పని అక్కడికి అయిపోయినట్టే. మా ఆఫీసులో ఒక నమ్మకం ఉండేది, పాత దొంగే కొత్త దొంగతనం చేస్తాడని. కనుక దొరికిన ప్రతి ముద్రనీ శిక్ష పడ్డవాళ్ల ముద్రలతోనే పోల్చేవాళ్లం. కలిస్తే సరి, లేదంటే ఆ స్టేషన్ పేరున్న అరలోకి. ఆ అరలో ముద్రని పక్క అరలో ముద్రతో ఎవరూ పోల్చేవాళ్లు కాదు. ఎవరో తెలియనివాణ్ని ఇంకో తెలియనివాడితో పోల్చి ఏం లాభం? భూతద్దంతో అదంతా చూడాలంటే ఒక జీవితం చాలదు కూడా. యంత్రం వచ్చాక చూడొచ్చు. కానీ అలవాటు యంత్రం కన్నా పాతది.

మర్నాడు పెద్దసారు భోజనానికి ఏసీ గదిలోకి వచ్చినప్పుడు అడిగాను. "సార్, అరల్లో ఉన్న దొరకని ముద్రలు కూడా అల్లుడికి పెట్టి చూద్దామా? ఒకదానితో ఒకటి?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించారు. "అడిగి పెట్టిన కూడుకన్న అడగకుండ పెట్టింది ఎక్కువ తింటడేమో. పెట్టు."

అందరివీ కాదు, ఆడవాళ్ల హత్యలు జరిగిన చోట దొరికినవి ముందు పెట్టాను. ఒక్కో ముద్ర గీతలకి తెరమీద చేత్తో గుర్తులు పెట్టాలి. నడుము లాగేది. ఆపా వెనక దిండు పెట్టేది. కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం తెర మీద రెండు ముద్రలు పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. ఉప్పుగూడ ఆమె డబ్బా మూత ఒకవైపు. నగరానికి ఇంకో చివర, వేరే స్టేషన్ పరిధిలో, ఎన్నో నెలల కిందట క్వారీ గుంతలో దొరికిన ఒకామె సామాను మీది ముద్ర ఇంకోవైపు. సామాను అంటే, అన్నం డబ్బా మూత. మర్నాడు మూడోది కూడా కలిసింది. మూడో స్టేషన్. అదీ డబ్బా మూతే.

పెద్దసారు భూతద్దంతో మూడూ చూశారు. అవునన్నారు.

ముగ్గురూ అడ్డా కూలీలే, ముగ్గురి కడియాలూ పోయాయి. పని చూపిస్తానని తీసుకుపోయాడు. మధ్యాహ్నం వాళ్లు తెచ్చుకున్న అన్నంలో తనూ కూర్చుని తిన్నాడు. ఆ తర్వాత చంపాడు. ఇది అర్థమయ్యాక ఆపా అంది, "అన్నం పెట్టినోళ్లను." అంతే.

మూడు స్టేషన్ల ఇన్‌స్పెక్టర్లు మొదటిసారి ఒకే గదిలో కూర్చుంది మా ఏసీ గదిలోనే. ముగ్గురూ బయట బూట్లు విప్పి వచ్చారు. ఒకాయన సాక్సులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. దాన్ని దాచుకోవాలని కాలు మీద కాలు వేసుకున్నారు. మూడు ఫైళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, ఇంతవరకూ ఒకరికొకరు చెప్పుకోని సంగతులు. అప్పటిదాకా అవి మూడు కేసులు. అవి ఒక్కటేనని చెప్పింది యంత్రమే. ఆ గౌరవం దానికి ఇవ్వాలి. కానీ వాడి పేరు మాత్రం అది చెప్పలేదు. దాని దగ్గర లేదు.

"అడ్డా మీద నేను నిలబడ్త," అంది ఆపా.

"నీకేమన్న దిమాక్ ఖరాబైందా?" అన్నారు పెద్దసారు.

"వాడు అడ్డాకు రాక తప్పది సార్. వాని కోసం ఆడ ఎవరో ఒకరు నిలబడ్తనే ఉన్నరు రోజు. వాళ్లకు తెల్వకుండ నిలబడ్తున్నరు. నేను తెలిసి నిలబడ్త, గంతే."

మర్నాటి నుంచి ఆపా ఉప్పుగూడ అడ్డాలో కూలి మనిషైంది. అడ్డా ఆడవాళ్లకి నిజం చెప్పేసింది. వాళ్లే ఆమెకి చీర గోచీ పెట్టి కట్టడం నేర్పించారు, ఒకామె తన వెండి కడియాలు ఇచ్చింది. ఎదురుగా టీ కొట్టులో మఫ్టీ పోలీసులు. తాగిన టీలకి వాళ్ల కడుపులు చెడిపోయాయని ఆపా చెప్పేది. నేను పొద్దున ఆ దారినే వెళ్లేటప్పుడు ఆమెను చూసీ చూడనట్టు పోవాలి. ఆమె కావాలని నాకు వినపడేలా, "అగో, ఆఫీసులకు పొయ్యే మేడంలు! మనమూ సదువుకుంటే బాగుండు," అనేది. ఆ పక్కవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. నేను నవ్వలేకపోయేదాన్ని. ఆఫీసుకెళ్లి కూర్చున్నాక ఫోన్ మోగిన ప్రతిసారీ అందరికన్నా ముందు నేనే లేచి ఎత్తేదాన్ని.

ఆ రోజు జరిగిందాన్ని ఆపా నాకు ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ కొంచెం పెంచి చెప్పింది. పెంచినవి తీసేస్తే ఇంత మిగులుతుంది. మోపెడ్ మీద ఒకడు వచ్చాడు. శుభ్రమైన చొక్కా. ఆడవాళ్ల కాళ్ల వైపు చూశాడు, తర్వాత చేతులు. ఆపాని చూసి, "నీ చేతులు పని చేసిన చేతుల్లెక్క లేవు," అన్నాడు. పక్కనున్నామెను పిలిచాడు.

"ఏం పని?" అని అడిగిందామె.

"ఇల్లు కడిగేది. సద్ది తెచ్చుకున్నవా? ఆడ హోటళ్లు లెవ్వు."

సద్ది మాట వినగానే ఆపా మోపెడ్ తాళంచెవి లాగేసింది. "పనెక్కడ? మేస్త్రి పేరు చెప్పు. మేమంత వస్తం, అందరం కడుగుతం!" వాడు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. అప్పటికే అడ్డా మొత్తం వాడి చుట్టూ ఉంది. ఒకామె వాడి చొక్కా పట్టుకుంది, ఇంకొకామె మోపెడ్‌కి అడ్డంగా కూర్చుంది. టీ కొట్టు పోలీసులు దారి చేసుకుని లోపలికి రావడానికి ఇబ్బంది పడ్డారు. "పోలీసోళ్లను గూడ రానియ్యలే, అంత లొల్లి," అని ఆపా గర్వంగా చెప్పేది.

వాణ్ని మా దగ్గరికి తెచ్చారు. ఇన్‌స్పెక్టర్ ఈసారి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "సార్, మీరు చెప్పేదాంక నేను నోరు తెరువ," అన్నాడు. సద్ది ఉందా అని అడగడం నేరం కాదు. ఈ మనిషి కూడా కాకపోతే? ఒకసారి ఆ అంచు దాకా వెళ్లి వచ్చాం.

పెద్దసారు ఇంకు తియ్యకముందు వాడి చేతులు పట్టుకుని అడిగారు. "ఏం పని చేస్తవ్?"

వాడు చేతులు వెనక్కి లాక్కోబోయాడు. ఏ పనీ అరగదీయని వేళ్లు అవి. గీతలు అచ్చులో కొట్టినంత స్పష్టంగా ఉన్నాయి.

అల్లుడు వెంటనే అవునన్నాడు. పెద్దసారు తెర వైపు చూడలేదు. "దాని మాట అది చెప్పింది. నా మాట నేను చెప్పాలె గద," అని మూతలు మూడూ భూతద్దం కింద పెట్టి, మొదటిసారి చూస్తున్నట్టు మొదటినుంచి చూశారు. ఆపా కూలి చీరలోనే నిలబడి ఉంది. కాళ్లకి ఇంకా ఎవరివో కడియాలు.

పెద్దసారు తల ఎత్తారు. "వీడే."

ఇన్‌స్పెక్టర్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. వాడి గదిలో మూడు జతల కడియాలు దొరికాయి. కోర్టులో శిక్ష పడింది. లక్కగాజుల మనిషిని విడిచిపెట్టారు.

అతను భార్యతో మా ఆఫీసుకి వచ్చాడు. దండాలు పెడతాడేమో అనుకుని మేం ఇబ్బందిగా కూర్చున్నాం. అతను పెట్టలేదు. నిలబడే అడిగాడు: "సాబ్, ఈ వేళ్లు ఇట్లనే ఉంటయ్. రేపు ఇంకో స్టేషన్ల ఇంకో సాబ్ చూస్తడు. అప్పుడు మీరుంటరా ఈడ?"

పెద్దసారు రిటైరయ్యేముందు పైవాళ్లతో గొడవపడి ఒక రూలు పెట్టించారు. ఎవరి ముద్ర తీసినా ముందు 'ఏం పని చేస్తావ్' అని అడగాలి, స్లిప్ మీద అన్నిటికన్నా పైన అదే రాయాలి. గీతలు లేకపోతే ఎందుకు లేవో ముద్ర చూసేవాడికి ముందే తెలియాలి.

నీకు మస్తు టైం పోతోందన్న రూలు అదే తల్లీ.

ఇక నీ మొదటి ప్రశ్న. అలాంటివాళ్లు ఇక ఉండరా? ఉండరని నేను చెప్పలేను. రాత్రి గడియ వేశాక మళ్లీ లేచి చూసుకునే మనిషిని, నా నోట ఆ మాట రాదు. కానీ ఒకటి చూశాను. అలాంటివాడు బతికేది సందుల్లో. ఒక స్టేషన్‌కీ ఇంకో స్టేషన్‌కీ మధ్య సందు, ఒక అరకీ పక్క అరకీ మధ్య సందు, అడ్డా నుంచి వెళ్లిన మనిషికీ, ఆమె ఇంకా రాలేదేమని అడిగే మనిషికీ మధ్య సందు. యంత్రాలు ఆ సందుల్ని మూస్తున్నాయి. మా అమ్మ కాలంలో అయితే వాడు ముసలివాడయ్యేదాకా తిరిగేవాడు. ఇప్పుడు తిరగనివ్వరు. వాడు పుట్టకుండా మనం ఆపలేకపోవచ్చు, వాడి లెక్క పెరగకుండా ఆపగలం. మీ డీఎన్ఏతో ఇంకా ముందే ఆపుతారు. నాకు ఆ నమ్మకం ఉంది. ముందు 'ఏం పని చేస్తావ్' అని మాత్రం అడుగు.

పాప పుట్టాక నేను ఉద్యోగం మానేశాను. ఆపా ఇంకా మానలేదు. నెల కిందట రైల్వే స్టేషన్ వైపు వెళ్తే అడ్డా దగ్గర ఒక పెద్దామె గోడ నీడన కూర్చుని ఉంది. ఒళ్లో సెల్‌ఫోన్. అడ్డా అందరూ కలిసి కొనుక్కున్నదిట, ఆపా చెప్పి కొనిపించింది. ఎవరైనా కొత్త మనిషి వెంట పనికి పోతే, పనిచోటు చేరగానే ఎవరో ఒకరి ఫోన్ నుంచి ఈమెకి మిస్‌డ్ కాల్ ఇవ్వాలి. రాకపోతే ఈమె లొల్లి చేస్తుంది.

"మస్తు మందికి ఖర్చు లేకుండ పనయితది," అంది పెద్దామె. నేను నిలబడి ఉండగానే ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఆమె తెర వైపు చూసి, "చేరింది," అంది.

పాప బడి ఆటో అతనికి నా నంబర్ ఇచ్చాను. రోజూ పొద్దున పొయ్యి దగ్గర ఉన్నా, బట్టలు ఉతుకుతున్నా చెవులు అటే ఉంటాయి. ఫోన్ ఒక్కసారి మోగి ఆగుతుంది. తీయను. తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, చేరింది అనుకుంటాను.